రెండు వేల నూట పదిహేడో నంబరు కోటు

యాభై ఒక్క ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి టైలరు మాస్టరుది. ముగ్గురు జడ్జీలకు కోట్లు కుట్టాడు. వాళ్ళలో ఒకాయనకు ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. మాస్టరు కుట్టిన కోటు తొడుక్కున్నాక ఆ సంగతి జడ్జీగారి భార్య కూడా మరిచిపోయిందంటారు. పెళ్ళికొడుకు కారెక్కి కూర్చున్నాక ప్యాంటు పిగిలితే, మనిషిని దించకుండా, ప్యాంటు విప్పించకుండా, కారు నడుస్తుండగానే కుట్టి పంపిన ఘనుడు. "సూది గుచ్చుకోలేదా మాస్టరూ?" అని అడిగితే, "ఎవరికి?" అని తిరిగి అడుగుతాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట ఒక ఎత్తు. ఆయన కొట్లోంచి ఒక్క బట్ట కూడా పరాయి చేతికి పోలేదు, ఇచ్చిన బట్ట ఒక్కటీ వెనక్కి రాలేదు. చీటీ తెస్తేనే బట్ట ఇస్తాడు. తెచ్చినా సరే, తొడిగి చూసుకోందే గడప దాటనివ్వడు. సొంత బావమరిది చీటీ పారేసుకుంటే అతని చొక్కా ఆరు నెలలు కొక్కేనికి వేలాడింది.

"బావా, అది నా చొక్కా అని నీకు తెలుసుగా!"

"నాకు తెలుసురా. పుస్తకానికి తెలియదే!"

ఇప్పుడు మాస్టరుకు సూదిలో దారం ఎక్కడం లేదు. నెలాఖరుకు కొట్టు కట్టేద్దామనుకున్నాడు. ఉన్న బట్టలన్నీ పిలిచి ఇచ్చేశాడు. మిగిలింది ఒక్కటే, రెండు వేల నూట పదిహేడో నంబరు. ఊదారంగు కోటు, మూడు బొత్తాలు. నలభై రెండేళ్ళుగా బీరువాలో ఉంది. ఏడాదికి రెండుసార్లు ఇస్త్రీ కూడా చేశాడు. సొంతదారు వచ్చి తీసుకుంటే పుస్తకం నిండినట్టు. లేదా యాభై ఒక్క ఏళ్ళ పేరుకు కోటంత చిల్లు పడినట్టు.

అలాంటి సమయంలో ఒకాయన గాజుపెట్టె మోసుకుంటూ కొట్లోకి వచ్చాడు. ఆ పెట్టె వల్ల మాస్టరు భార్య ఆయనకు పెట్టెగారు అని పేరు పెట్టింది. లోపల ఏముందనుకున్నారు? ఒక పేరుమోసిన రాక్ బ్యాండు వాళ్ళ తెగిన గిటారు తీగె, పళ్ళూడిన దువ్వెన, డ్రమ్ములు వాయించేవాడు నమిలి ఊసిన చూయింగ్ గమ్ము. గమ్ముకు విడిగా ఒక చిన్న వెల్వెట్ దిండు.

"వాళ్ళ మొట్టమొదటి పాట రికార్డు కాలిపోయిందండీ," అన్నాడు పెట్టెగారు. "మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్. ఎవరో టైలరు దగ్గర కోటు జేబులో మరిచిపోయానని గాయకుడు ఎప్పుడో చెప్పాడు. పదకొండేళ్ళుగా టైలరు కొట్లన్నీ తిరుగుతున్నాను. ఈపాటికి నాకు ముప్ఫై ఎనిమిది ప్యాంట్లయ్యాయి. ఊరికే అడిగితే ఎవరూ చెప్పరుగా, ఏదో ఒకటి కుట్టించుకోవాలి."

మాస్టరు బీరువా తెరిచాడు. పెట్టెగారు కోటును చూసి గోడ పట్టుకున్నాడు.

"జేబులో క్యాసెట్..."

"ఉంది. జేబు సరుకంతా సంచీలో పెట్టి మూతి కుట్టేశాను. చీటీ తెచ్చారా?"

"మీరు ఏం కావాలంటే అది..."

"చీటీ కావాలి."

పెట్టెగారు ఊరుకోలేదు, పత్రికలకు ఎక్కించాడు. తెల్లారేసరికి కొట్టు ముందు బారు. అందరి చేతుల్లోనూ చీటీలే. మాస్టరు తన పుస్తకంలో చించిన అంచుకు ఒక్కొక్క చీటీ ఆనించి చూడటం, "తరవాతివాళ్ళు రండి" అనడం. ఒకావిడ ఏకంగా కరెంటు బిల్లు ఇచ్చింది. ఒకడు కొత్త చొక్కాకు కొలతలిచ్చి వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం, బారు పలచబడ్డాక, నెరిసిన జుట్టు జడేసుకున్న ఒక లావుపాటి పెద్దమనిషి ఆయాసపడుతూ వచ్చాడు. పెట్టెగారి చేతిలోంచి పెట్టె జారబోయింది.

"మాస్టరూ! ఆయనే! సాక్షాత్తూ గాయకుడే!"

"చీటీ?" అన్నాడు మాస్టరు.

"పోయిందండీ," అన్నాడు గాయకుడు. "చాలా పోయాయి. బ్యాండూ పోయింది, ఇద్దరు పెళ్ళాలూ పోయారు. చీటీ ఒక్కటే ఉంటుందా?"

మాస్టరు పుస్తకం తీశాడు. "ఛాతీ ముప్ఫై ఆరు, నడుము ఇరవై ఎనిమిది. ఇందులో మీరెక్కడున్నారు బాబూ?"

"ఈయన లోకమంతటికీ తెలుసండీ!" పెట్టెగారికి ఏడుపొక్కటే తక్కువ.

లోపల్నించి మాస్టరు భార్య వచ్చింది. "ఏవండీ, పొట్ట వస్తుంది, పోతుంది. చేతులు పెరుగుతాయా? చేతులు కొలవండి."

ఎడమ చెయ్యి ఇరవై నాలుగున్నర. కుడి చెయ్యి ముప్పావు అంగుళం పొట్టి. పుస్తకంలోనూ అంతే. పక్కనే మాస్టరు అప్పట్లో రాసుకున్న మాట ఒకటుంది: నిలబడడు, ఊగుతాడు. తలెత్తి చూస్తే గాయకుడు ఊగుతూనే ఉన్నాడు.

"మీరే," అన్నాడు మాస్టరు. యాభై ఒక్క ఏళ్ళలో చీటీ లేకుండా అన్న మాట అది మొదటిసారి. "తొడగండి."

కోటు మోచేతుల దాకా వెళ్ళి ఆగింది. మాస్టరు దాన్ని బల్ల మీద పరిచి బ్లేడు తీశాడు.

"ఆగండి!" పెట్టెగారు బల్లకు అడ్డంగా పడ్డాడు. "అది విప్పితే ఇంకేముంది? అది చరిత్రండీ! అందులో ఆయన పడుచుతనపు చెమట ఉంటుంది!"

"ఉండదు. ట్రయలుకు ఒక్కసారే వేశాడు, ఫ్యాను కూడా పెట్టాను. లేవండి. చరిత్రయితే గోడకు తగిలించుకుందురు. ఇది కోటు, మనిషికి పట్టాలి."

పక్క కుట్లు విప్పాడు. లోపల రెండేసి అంగుళాలు వదిలిన గుడ్డ ఉంది. అది చాలలేదు. కోటుకు పిన్ను పెట్టి దాచిన మిగులు గుడ్డ తీసి రెండు పక్కలా అతికాడు. దారం భార్య ఎక్కించింది.

"ఐదింటికి ఇచ్చేస్తాను," అన్నాడు.

ఈలోగా గాయకుడు సంచీ మూతి విప్పాడు. క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టరు భార్య వంటింట్లోంచి పాత టేపురికార్డరు తెచ్చింది. పెట్టెగారు ఫోను పైకెత్తి పట్టుకుని, "మాస్టరూ, నాలుగంటే నాలుగు నిమిషాలు మిషను ఆపండి. లోకమంతా వినాల్సిన పాట," అని బతిమాలాడు.

"ఇప్పుడు నాలుగూ ముప్పావు. ఐదింటికి ఇస్తానన్నాను."

"కుట్టనివ్వండి," అన్నాడు గాయకుడు. "నలభై రెండేళ్ళ ఆలస్యం చాలదూ?"

మాస్టరు చురుగ్గా చూశాడు. "ఆలస్యం మీ వైపు నుంచి. నా కోటు ఆ గురువారమే తయారు."

పాట మొదలైంది. మిషనూ మొదలైంది. లేతగొంతు ఒకటి ఎక్కడికో వెళ్ళిపోతానని పాడుతోంది, ముసలి గొంతు దాంతో పాటు పెదాలు కదుపుతోంది. మధ్యలో మాస్టరు, "చెయ్యి ఎత్తండి... ఇటు తిరగండి... ఊగొద్దన్నానా!" పాట అయిపోయిన మరుక్షణం టేపురికార్డరు కర్రుమంది. రీలు పేగుల్లా బయటికొచ్చింది. ఎంత చుట్టినా మళ్ళీ పాట పలకలేదు. పెట్టెగారు గుడ్డపేలికల్లో కూలబడ్డాడు. ఆయన ఫోనులో ఉన్నదే ఇక ఆ పాట.

ఐదు కొట్టేసరికి కోటు గాయకుడి ఒంటిమీద ఉంది. పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళాడు. నెలాఖరు వచ్చింది, పోయింది. మాస్టరు కొట్టు కట్టలేదు.

"ఇంకెవరి కోసం?" అంది భార్య.

"ఇవ్వడం అయింది. వెనక్కి రాదని ఏమిటి నమ్మకం? చంక దగ్గర నాకు అనుమానంగానే ఉంది."

మూడు నెలలకు పెట్టెగారు తన ఫోనులోని పాటతో వేసిన కొత్త రికార్డు పట్టుకుని వచ్చాడు. అట్ట మీద, వాయించినవాళ్ళ పేర్లలో, అచ్చులో ఉంది: తొక్కుడు మిషను, టైలరు మాస్టరు. పత్రికలవాళ్ళు ఆ లయను నెత్తిన పెట్టుకున్నారట. రెండో చరణంలో ఉన్నట్టుండి వచ్చే నిశ్శబ్దం మీద ఒకాయన రెండు పేజీలు రాశాడట.

పెట్టెగారు ఫోనులో పాట పెడితే మాస్టరు చెవొగ్గి విన్నాడు. "ఇది ఎడమ పక్క... ఇది చంక మలుపు... ఆ, ఇక్కడ దారం తెగింది." పాట సగంలో ఉండగానే అడిగాడు, "ఆయన కోటు తొడుక్కుంటున్నాడా?"

"మొన్న వేదిక మీద దాంతోనే పాడారు."

"చేతులెత్తాడా?"

"రెండూ ఎత్తారు. చాలాసేపు."

"పిగల్లేదు?"

"లేదు."

మాస్టరు భార్యకేసి తిరిగాడు. "కొట్టు తాళం తేవే," అన్నాడు.