అవ్వ చెవుడు

ఇది తరతరాలు పాడుకోవలసిన మహాకావ్యం. అబద్ధంలెండి, మా ఇంటి ఆంప్లిఫయరు కథ.

నిన్న అటక మీద పాత హెడ్‌ఫోను దొరికింది. పొడిగా రాలిపోతున్న దాని స్పాంజిలో ఇంకా అవ్వ ఆముదం వాసన ఉంది.

నా చిన్నప్పుడు, అవ్వ హరికథల క్యాసెట్లతో నా చదువు పాడవుతోందని నాయన ఆ హెడ్‌ఫోను చిత్తూరు బజారులో కొని తెచ్చి, ఆమె చెవులకు తగిలించాడు.

"సరిగ్గా ఇనపల్లేదురా," అంది అవ్వ.

నాయన ఆంప్లిఫయరు వాల్యూము చివరిదాకా తిప్పాడు. "సెట్టు బాగానే ఉండాదమ్మా. నీ చెవులే పొయినాయి."

డాక్టరుతో పని లేకుండానే రోగం తేలిపోయింది. నేనూ నమ్మి, అన్నానికి రమ్మని వీధి అదిరేలా అరిచేవాణ్ణి. అమ్మా, మేనత్తా అయితే ఆమె పక్కనే కూర్చుని, ఇకమీదట ఆమెను ఎవరు భరించాలో మామూలు గొంతుతోనే వాదించుకున్నారు. అవ్వ తలెత్తకుండా అలసందలు ఒలిచింది.

తర్వాత నాతో మెల్లగా అంది. "అరవద్దు అబ్బోడా. నాకన్నీ ఇనపడతాయి."

నాయనకు చెప్పాను. "చెవిటోళ్లంతా అట్లే అంటార్లే," అని నవ్వాడు.

అవ్వ చెవిటిదిగానే పోయింది.

నిన్న ఆ హెడ్‌ఫోను నేనూ పెట్టుకుని చూశాను. ఆంప్లిఫయరు ఎంత తిప్పినా దోమ పాటే. వైరు మధ్యలో ఇంకో చిన్న వాల్యూము చక్రం ఉంటుంది. దాన్ని కూడా తిప్పాలి.