సుంకరి వదిలేసిన మాట

మా ఊరి సుంకరి డప్పు కొట్టి సర్కారు హుకుం చాటినప్పుడల్లా చివర ఒక మాట చేర్చేవాడు: "గిది నా మాట గాదు, సర్కారు మాట." పోలియో చుక్కలైనా, భూమి శిస్తయినా ఆ మాట అనకుండా డప్పు భుజానికి తగిలించేవాడు కాదు. దేనికీ పూచీ పడని మనిషని నాకతని మీద ఎప్పుడూ అనుమానమే.

ఒక ఏడు చెరుకు కోతలప్పుడు పొద్దున్నే మా గానుగ దగ్గర నిలబడి చాటాడు. "ఇయ్యాల్టి సంది ఊళ్లె ఎవ్వలు బెల్లం వండొద్దు. చెరుకంత షావుకారుకే తూకం ఎయ్యాలె. వండితే కడాయి జప్తు." నేల చూసుకుంటూ వెళ్లిపోయాడు.

అమ్మ పొయ్యి ఆర్పబోయింది. బాపు ఆపాడు. "ఆగు. ఇయ్యాల గా మాట అనలే."

వెంటనే సైకిలు మీద బోధన్ పోయి మండలాఫీసులో అడిగితే, అలాంటి హుకుమే లేదన్నారు. మా చెరుకు చవగ్గా కొనడానికి షావుకారు చెప్పించిన చాటింపు అది.

సాయంత్రం సుంకరి డప్పును మంటకు కాపుతుంటే బాపు పోయి అడిగాడు. "పొద్దుగాల సర్కారు మాట అని ఎందుకనలే?"

అతను అటూ ఇటూ చూశాడు. "మర్సిన అన్నా."

మరిచాడో, మరిచినట్టు చేశాడో నాకిప్పటికీ తెలియదు. మరునాడు పశువుల టీకాల చాటింపులో మాత్రం, మా గానుగ ముందు ఆగి ఆ మాట రెండుసార్లు అన్నాడు.