మూడు కాగితాలు, ఒక్క మనిషి

ఆ చిన్న బ్యాంకు క్యాషియర్‌ని వీధంతా "పక్కా" అని పిలిచేది. ఏదడిగినా "పక్కా" అనేవాడు మరి. నోట్ల లెక్కలో ఏనాడూ తేడా రాలేదు, మాటలోనూ రాదని అతని నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

బావకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఆపరేషన్ కోసం అక్క ఇల్లమ్మి, ఆ డబ్బంతా తమ్ముడి చేతిలో పెట్టింది. కిడ్నీ దొరికేదాకా ఆగమన్నారు డాక్టర్లు. బ్యాంకు మునిగితే డిపాజిట్ ఇన్సూరెన్సు ఒక పరిమితి వరకే ఇస్తుందని పక్కాకు తెలుసు. అందుకే ఒక్కోటీ ఆ పరిమితి దాటకుండా సొమ్మును మూడు డిపాజిట్లు చేశాడు. మూడూ తన బ్యాంకులోనే, అక్క పేరుమీదే.

"మూడు కాగితాలు, మూడు ఇన్సూరెన్సులు. పక్కా అక్కా!" అన్నాడు.

కొన్నాళ్ళకు, పెద్ద అప్పులు తీసుకున్నవాళ్ళు బ్యాంకుకు ఎగనామం పెట్టారన్న వార్త పొక్కింది. తెల్లారేసరికి బ్యాంకు ముందు జనం. తోపులాటలో తలుపు అద్దం పగిలింది. పక్కా కుర్చీ ఎక్కి గొంతు చించుకున్నాడు.

"ఇన్సూరెన్సు ఉందండీ! బ్యాంకు పోయినా మీ డబ్బు పోదు. ఇదిగో మా అక్క, ఇల్లమ్మిన డబ్బు ఇక్కడే వేసింది. అక్కా, నువ్వింటికెళ్ళు!"

వరుసలో ముందున్న అక్క వెంటనే ఇంటిదారి పట్టింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ కదిలారు. పక్క వీధి బ్యాంకు దగ్గర పోగవుతున్న గుంపు కూడా చల్లబడింది. ఇన్సూరెన్సు అన్న మాట ఆ రోజు ఊళ్ళోని బ్యాంకులన్నిటినీ నిలబెట్టింది. అందులో అబద్ధం లేదు.

వారం తిరక్కుండా పక్కా పనిచేసే బ్యాంకు మాత్రం మూతపడింది. దర్జీకి, పాలవాడికి, రిటైరైన టీచరమ్మకు పైసాతో సహా ఇన్సూరెన్సు అందింది. అక్కకు మాత్రం ఒక్క కాగితం మేరకే వచ్చింది.

"మూడు డిపాజిట్లండీ!" అని పక్కా ఇన్సూరెన్సు ఆఫీసులో వాదించాడు.

"మనిషి ఒక్కరే కదండీ," అంది అక్కడి అమ్మాయి నెమ్మదిగా. "ఒక బ్యాంకులో ఒకరి పేరుమీద ఎన్నున్నా అన్నీ కలిపే లెక్క. మిగతాది బ్యాంకు ఆస్తులమ్మాక ఎంతొస్తే అంత."

వేరే బ్యాంకుల్లో వేసుంటే సరిపోయేది. జీవితమంతా కౌంటర్లో కూర్చున్నవాడు ఆ ముక్క ఎవరినైనా అడిగి ఉండాల్సింది. అడగలేదు.

కిడ్నీ దొరికిందని ఫోనొచ్చిన రోజు ఆసుపత్రిలో కట్టడానికి డబ్బు చాలలేదు. పక్కా కాళ్ళావేళ్ళా పడ్డా ఎక్కడా పుట్టలేదు. ఆ కిడ్నీ ఇంకో రోగికి వెళ్ళింది. బావ ఆ చలికాలం దాటలేదు.

"నీ మాట విని బాగుపడ్డాం" అంటూ వీధిలో జనం ఇప్పటికీ అతని చేతులు పట్టుకుంటారు. విదిలించుకుని పారిపోవాలనిపిస్తుంది. అక్క తనివితీరా తిడితే బాగుండునని ఏడ్చాడు. ఆమె ఒక్కమాట అనలేదు.

చాన్నాళ్ళకు బ్యాంకు భవనం అమ్ముడుపోయి, రావలసిన దాంట్లో కొంత చెక్కుగా వచ్చింది. అక్క దాన్ని తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"దీన్నెక్కడ వెయ్యమంటావురా?"

ఆమె ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికాడు. లేదు. నిజంగానే అడుగుతోంది.