రెండు చుక్కల కాస్పర్

కాస్పర్ ట్రాట్నిక్ ఏ పనీ ఒక్కసారితో సరిపెట్టేవాడు కాదు. వియన్నాలో వయొలిన్‌కి అక్కలాంటి వయోలా వాయించేవాళ్ళకు కొదవ లేదు గానీ, విగ్గుకు రెండుసార్లు పిండి చల్లుకుని, తలుపు గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి, ఎదురొచ్చినవాణ్ణి రెండుసార్లు పలకరించి, సూప్ రెండు గిన్నెలు తాగేవాడు మాత్రం అతనొక్కడే. చర్చిలో పాపాలు కూడా రెండుసార్లు చెప్పుకునేవాడట. రెండోసారి కొన్ని కొత్తవి గుర్తొస్తున్నాయని ఫాదరుగారు వాపోయేవారు.

ఇవన్నీ అతని నలుగురి జట్టుకు పెద్ద ఫెర్డినాండ్ లేనర్ భరించగలిగేవాడు. భరించలేనిది ఒకటుంది. సంగీతం కాగితాల్లో ఒక భాగం చివర రెండు చుక్కలుంటే, దాన్ని మొదటినుంచి మళ్ళీ వాయించమని అర్థం. తొందరలో ఉన్నవాళ్ళు వాటిని చూసీ చూడనట్టు దాటేస్తారు. కాస్పర్ దాటనిచ్చేవాడు కాదు. మిన్యూయెట్ అనే నాట్యపు భాగం చివర్లో తిరిగి వచ్చినప్పుడు ఆ చుక్కల జోలికి ఎవరూ పోరు. అక్కడా అతను వెనక్కి లాక్కుపోయేవాడు. ఆ నలుగురిలో మొదటి వయొలిన్ వాయించే లేనర్‌కు, మూడేళ్ళుగా తన బతుకులో సగం వెనక్కి నడవడానికే సరిపోతోందని దిగులు.

"రాసినాయన పనిలేక పెట్టాడా చుక్కలు?" అనేవాడు కాస్పర్.

"మనం వాయించేది ఆయన వినడులే."

"వింటే? వింటే?"

కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద చెల్లో పట్టుకున్న ముసలాయన ఓటోకర్ ప్రోహాస్కా నవ్వి ఊరుకునేవాడు. రెండో వయొలిన్ ఇగ్నాట్స్ ఆవలించేవాడు.

ఆ అక్టోబరులో కౌంట్ ఫెల్డెక్ కబురు పెట్టాడు. నకలు రాసేవాడి బల్ల మీంచి అప్పుడే వచ్చిన, నలుగురు వాయించే కొత్త క్వార్టెట్‌ని ఆదివారం మధ్యాహ్నం తన ఇంట్లో వాయించాలి. నచ్చితే నలుగురికీ అక్కడే కొలువు. నాట్యశాలల్లో వాయించి వాయించి అరిగిపోయిన లేనర్ ఇలాంటి కబురు కోసమే పదేళ్ళుగా కాచుకున్నాడు. షరతు ఒక్కటే: భోజనం వేళకు ముగించాలి, చుక్కలు పట్టించుకోకూడదు.

"ఈ ఒక్కరోజుకీ వద్దు కాస్పర్, నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు లేనర్.

"కుదరదు. కుదరదు."

"అయితే రేపటినుంచి ఇంకో వయోలావాణ్ణి చూసుకుంటా."

కాస్పర్ మొహం వాడిపోయింది. "చూసుకో," అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

కౌంట్ ఇంట్లో వాయింపు మొదలైంది. మొదటి భాగం చివర లేనర్ చుక్కలు దాటి ముందుకు ఉరికాడు. ఇగ్నాట్స్ అతని వెనకే వచ్చాడు. కాస్పర్ ఒక్కడూ మొదటికి వెళ్ళిపోయాడు. చెల్లో చప్పుడే ఆగిపోయింది. మండిపడుతూ తల తిప్పిన లేనర్‌కు ప్రోహాస్కా కళ్ళు కనిపించాయి. అవి మసకబారి, కాగితం మీద కాక, కాస్పర్ వైపు ఎటో చూస్తున్నాయి. ఆయన ముందున్న కాగితం తలకిందులుగా ఉంది.

లేనర్ చెయ్యి ఆగిపోయింది. కొత్త రచన ఏది వాయించినా, మొదటిసారి చెల్లో దోమలా సన్నగా మూలుగుతుంది. అప్పుడు కాస్పర్ తన వంతు వదిలేసి వయోలా మీదే చెల్లో స్వరాల్ని గట్టిగా వాయిస్తాడు. రెండోసారికి చెల్లో గది నిండా పలుకుతుంది. ముసలాయన చేతులు వేడెక్కడానికి ఆ మాత్రం టైం పడుతుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాగితం కనబడని మనిషి మొదటిసారి విని పట్టుకుంటున్నాడని తట్టలేదు. తన తెలివికి తనకే సిగ్గేసింది.

లేచి నిలబడ్డాడు. "క్షమించాలి ప్రభూ. క్షమించాలి. రాసినాయన చుక్కలు పెట్టాడు. మొదటినుంచి వాయించాలి."

"ఈ జబ్బు మీకూ అంటుకుందా?" అన్నాడు కౌంట్.

"అంటుకుంది ప్రభూ."

కూర్చునే ముందు ముసలాయన కాగితాన్ని ఎవరూ చూడకుండా సరిగ్గా తిప్పాడు. తర్వాత ఒక్క చుక్కనీ వదల్లేదు. చెల్లో రెండోసారి అందుకున్నప్పుడల్లా లేనర్ గుండె నిండిపోయింది. లోపల సూప్ చల్లారిపోయింది.

వాయింపు ముగిసింది. కౌంట్ లేచి, "మొదటిసారి ఏదో వెలితిగా ఉంది. రెండోసారికి గానీ రుచి తెలియలేదు. వచ్చెయ్యండి, భోజనం గంట వెనక్కి జరిపిస్తా," అన్నాడు.

బయటికొస్తూ లేనర్ కాస్పర్‌ని పక్కకు లాగాడు. "మూడేళ్ళు! నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే జాలిపడి ఉంచుకుంటావు. జాలి మీద వాయించే మనిషి కాదాయన."

"మరి ఆ గొళ్ళెం? ఆ సూప్?"

"ఒక్క చుక్కల దగ్గరే పట్టుబడితే ఎవడో ఒకడు కూపీ లాగుతాడు. అన్నిట్లోనూ అంతే అయితే పిచ్చివాడని వదిలేస్తారు." కాస్పర్ ముందుకొచ్చిన పొట్ట నిమురుకున్నాడు. "ఇది నా పొట్ట కాదు. ప్రోహాస్కాగారి పొట్ట."

లేనర్ వెనక నెమ్మదిగా వస్తున్న ముసలాయన మోచెయ్యి పట్టుకున్నాడు. "జాగ్రత్త, మెట్టుంది. మెట్టుంది."

"ఒకసారి చెబితే చాలు నాయనా," అన్నాడు ప్రోహాస్కా. "పోయింది చూపే, చెవులు నిక్షేపంగా ఉన్నాయి. నాకోసం గొళ్ళేలూ పలకరింపులూ రెండేసిసార్లు అక్కర్లేదని కాస్పర్‌కీ చెబుదామనే ఉంది. కానీ పాపం, రెండో గిన్నె సూప్ మానేస్తాడేమోనని ఊరుకుంటున్నా."