సంతరోజు మీటింగ్

మా ప్రిన్సిపాల్ మేడం పోయారు. పొద్దున్నే బడికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయారట. భద్రాచలం దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆ కబురు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కిందనే పై ఆఫీసు నుంచి ఇంకో మెసేజ్: ఈ ఏటి పోర్ట్‌ఫోలియోను ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ పూర్తిచేసి పంపాలని. ఆ ఇన్‌చార్జిని నేనే. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వరు మహానుభావులు!

మాది అడవి అంచున గిరిజన ఆడపిల్లల హాస్టల్ బడి. పోర్ట్‌ఫోలియో అంటే, ఏడాదంతా ప్రిన్సిపాల్ ఏం చేశారో ఫోటోలతో రుజువు చూపించే ఫైలు. దాన్ని చూసి మార్కులు వేస్తారు. మార్కులు తగ్గితే బదిలీ. మేడంకు ఆ మాటంటేనే భయం. ఆమెకు ముందు ఎవరూ ఇక్కడ నిలవలేదు. మనిషి మారినప్పుడల్లా కొందరు పిల్లలు ఇంటికెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

ఆమెది పెనుబల్లి వైపు. మాట మెత్తన, పట్టుదల మాత్రం మహా గట్టిది. తల్లిదండ్రులు బడికి రాలేరని తానే బుధవారం సంతకు వెళ్లేవారు. ఉప్పు దుకాణం పక్కన గోనెసంచి మీద కూర్చుని, చింతపండు అమ్ముకునే తల్లులకు వాళ్ల పిల్లల చదువు సంగతులు చెప్పేవారు. మధ్యలో షావుకారు తూకంలో మోసం చేయబోతే ఊరుకునేవారా! "ఏమయ్యా, ఆవిడ మా పిల్ల తల్లి. కాటా సరిగ్గా పెట్టు!" అని గదమాయించేవారు. "పిల్లలు మన దగ్గరున్నారు కదమ్మా, కబురు మనమే మోసుకెళ్లాలి" అనేవారు నాతో. ఈ ఉద్యోగంలో నేను నిలబడ్డానంటే ఆమె చలవే.

మొదట్లో ఒక ఏడు ఆ సంత ఫోటోలే ఫైల్లో పెట్టాం. చూడడానికి వచ్చిన అధికారి మొహం చిట్లించాడు.

"ఇదేంది మేడం, పేరెంట్స్ మీటింగా, ఎండుచేపల బేరమా? హాలేది, బ్యానరేది? వచ్చే బుధవారం మళ్ల పెట్టి పంపుండ్రి."

"బుధవారం సంతండీ" అన్నారు మేడం.

"అయితే ఏంది?"

ఏం చెప్తాం ఆయనకు? ఆ రోజు సరుకు అమ్ముడుపోతేనే ఆ ఇళ్లలో ఉప్పూ పప్పూ.

మేడం ఊళ్లకు కబురు పెట్టారు. ఎందుకు పిలుస్తున్నారో దాచలేదు, ఫోటో లేకపోతే తనను ఇక్కడి నుంచి పంపించేస్తారని చెప్పించారు. అందరూ వచ్చారు. సంతకు పోయే దారి వదిలి, బ్యానర్ కింద ప్లాస్టిక్ కుర్చీల్లో, ఒళ్లో చింతపండు గంపలతో కూర్చున్నారు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మార్కులూ పడ్డాయి. మేడం మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.

"వాళ్ల సంత నేను తినేశానమ్మా. ఉంటే ఈ పాపం, పోతే ఆ పాపం. ఎటు కదలను చెప్పు?"

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే బుధవారం, అదే తంతు. ఆ అధికారులను నేనెంత తిట్టుకున్నా ఇంకో దారి నాకూ తోచలేదు. మీకు తోస్తే చెప్పండి.

మొన్న బుధవారం ఆమె పటానికి దండ వేసి, పిల్లలతో హాల్లో సంతాపసభ పెట్టుకున్నాం. ఊళ్ల వాళ్లను పిలవలేదు. పిలవకుండానే తల్లులు సంత మానుకుని వచ్చారు. హాలు నిండిపోయింది. మా గుమాస్తా నా చెవి దగ్గరికి వంగాడు.

"మేడం, పటం కొంచెం పక్కకు జరిపి బ్యానర్ కడదాం. మీటింగ్ ఫోటో అయిపోతది. మళ్ల వీళ్లను పిలిచే పనుండదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం మాట, ఆమె పటం ముందా! కానీ ఇప్పుడు తీయకపోతే ఇంకో సంత మాన్పించాల్సిందే. ఫోన్ పైకెత్తి, పటం వైపు చూసి మళ్లీ దించేశాను.

మా తొమ్మిదో తరగతి పిల్ల తల్లి ఒకామె ముందు వరుసలో కూర్చుని అంతా వింది. కళ్లు తుడుచుకుని లేచింది.

"తియ్ టీచరమ్మా. గా ఫోటో లేకుంటే నిన్ను గూడ పంపుతరు గదా. ఆమెను గిట్లనే ఉంచుకున్నం. నువ్వు గూడ ఉండు."

వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. హాల్లో ఏడుపు ఆగింది. తల్లులందరూ కొంగులు సర్దుకుని, నిటారుగా కూర్చుని, నా చేతిలోని ఫోన్ వైపు చూశారు.