కబురు రాని ఏడు పేర్చిన బతుకమ్మ

పొద్దున్నే మనవరాలు బడి బూట్లకు నల్ల పాలిష్ రుద్దుతుంటే ఆ వాసన భూపాలపల్లిలోని మా క్వార్టరంతా నిండిపోయింది. పొయ్యి మీద చాయ పొంగిపోయినా నేను చూసుకోలేదు. చిన్నప్పుడు ఆ వాసన వచ్చిందంటే బాపు సెలవు అయిపోయిందని అర్థం. బాపు మిలిటరీలో సిపాయి. ఏడాదికోసారి ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని గార్ల దగ్గరి మా ఊరికి వచ్చేవాడు. మూత తీస్తే ఉన్ని కంబళి, బీడీలు, ఎండు ద్రాక్ష కలిసిన వాసన గుప్పున కొట్టేది. ఆయన వెళ్లిన నాడు అమ్మ ఇల్లు ఊడ్చేది కాదు. మరునాటి నుంచి ఎడ్లకు మేత, మిరప తోటకు నీళ్లు, నాయినమ్మ మోకాళ్లకు కాపడం, అన్నీ ఆమే. బర్రె వెంట తిరగడానికి నన్ను బడి మాన్పించారు. అక్షరాలు నా చేతికి వచ్చింది ఈ మధ్యనే.

ఒక ఏడు వానాకాలం మొదలయ్యాక బాపు ఉత్తరాలు ఆగిపోయాయి. సరిహద్దులో కాల్పులని రేడియోలో చెప్పారట. మొక్కజొన్న కంకులు కాల్చుకు తినే రోజులు గడిచాయి, తంగేడు పూసింది, చేల గట్ల మీద గునుగు తెల్లగా విరిసింది, కబురు మాత్రం రాలేదు. మా వైపు చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. మేం పేరిస్తే బాపు ఉన్నట్టు, పేర్చకపోతే లేనట్టు. ఊరంతా మా వాకిలి వైపే చూస్తోంది.

“నా కొడుకు ఉన్నడో లేడో తెల్వదు, నీకు పూలేందే? ఊరు మన మొకాన ఊంచదా?” అంది నాయినమ్మ.

“లేడని ఎవలన్న చెప్పిన్రా అత్తా? చెప్పేదాంక ఉన్నట్టే,” అని అమ్మ నా వైపు తిరిగింది. “పోరీ, గంప తీస్కపో. నిండకుంటే వాపస్ రాకు.”

పండుగ చివరి రోజు, సద్దుల నాడు, అమ్మ గుమ్మడాకులు పరిచి, తంగేడు, బంతి, రంగులద్దిన గునుగు వరుసలు పేర్చుకుంటూ నా మెడదాకా లేపింది. నువ్వుల సద్ది, పెరుగు సద్ది కలిపింది, రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టింది. ఎక్కడా చేయి ఆగలేదు. తీరా ఆడే చోట దింపితే, ఆడవాళ్లు తమ బతుకమ్మలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా దాని పక్కన పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.

“మిల్ట్రాయన పెండ్లానికి గుండె గట్టిదేనమ్మా,” అని పక్కింటామె కిసుక్కుమంది.

నాకు ఇంటికి పరుగెత్తాలనిపించింది, మళ్లీ అమ్మను విడిచి పోబుద్ధి కాలేదు. అంతలో మోకాళ్లు పట్టుకుంటూ నాయినమ్మ వచ్చింది, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని.

“ఏందే గట్ల సూస్తున్రు? నా కొడుకు సంగతి మీకేమన్న ఎరుకా? ఎరుక లేకుంటే సప్పట్లు కొట్టున్రి!” అని తనే మొదటి చప్పట్లు కొట్టింది. ఒక బతుకమ్మ మా దాని పక్కకు వచ్చింది, తర్వాత ఇంకొకటి.

మిరపకాయలు ఏరే రోజుల్లో బాపు వచ్చాడు, మంచుకు రాసే చేతి వేళ్లు రెండు పోగొట్టుకుని, అన్నాళ్లూ దవాఖానలో పడి ఉండి. అమ్మ ఆయనకు అన్నం పెట్టి, చాప పరుచుకుని పట్టపగలు నిద్రపోయింది. ఆమె పగలు పడుకోవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు. మేం ముగ్గురం చప్పుడు చేయకుండా బయట కూర్చున్నాం. సెలవయ్యాక ఆయన మళ్లీ వెళ్లాడు.

ఇప్పుడు తంగేడు కట్టలు కట్టలుగా ఆటోలో బజారుకు వస్తుంది. గునుగు మొలిచిన గట్లు పత్తి చేలలో కలిసిపోయాయి. ఫౌజులో ఉన్నవాళ్లు ఫోన్‌లో కనిపించి మాట్లాడుతున్నారు. నాయినమ్మ, అమ్మ, పింఛను మీద ఇంటికి చేరిన బాపు, ముగ్గురూ లేరు. నేను ఎదురుచూడాల్సినవాళ్లు ఎవరూ దూరాన లేరు. అయినా పండుగ దగ్గరపడితే కుదురుగా కూర్చోలేను. మలుపులో బస్సు ఆగితే, చేతిలో పని అక్కడే వదిలేసి వెళ్లి, ఎవరు దిగారో చూసిగాని లోపలికి రాను.