గీతలు పడ్డ అద్దం

ఇవాళ పొద్దున బకెట్ మూత తీశాను. పులిసిన చింతపండు పిప్పి వాసన గుప్పుమంది. పైడమ్మ పిన్ని వచ్చి నా వెనక నిలబడినట్టే అయింది.

ఆమె విజయనగరం వైపు మనిషి. బైలదిల్లా కొండ కింద, మా గనుల ఊరి నర్సరీలో పెద్ద తోటమాలిగా ఉండేది. నా మగడు పోయిన మూడో నెలలో కూతుర్ని చంకనేసుకుని నేను ఆవపల్లి నుంచి అక్కడికి వచ్చి పడ్డాను. మరిది ఇంట్లో మాకు చోటు లేకపోయింది. నర్సరీ కాంట్రాక్టరు నెల రోజులు పని చూసి చెబుతానన్నాడు. వద్దంటే పోవడానికి నాకు ఊరు లేదు.

మొక్కలు పెంచే అద్దాల ఇల్లు ఒకటి ఉంది అక్కడ. కొండ మీది ఎర్ర ఇనుప దుమ్ము దాని కప్పు మీద పడి, మంచుకు తడిసి, ఎండకు కాలి, తుప్పులాగా పట్టేసేది. లోపల మొక్కలు వెలుగు చాలక పాలిపోయేవి. పిన్ని కాలనీ ఇళ్లన్నీ తిరిగి, చారుకు చింతపండు పిసికి పారేసే పిప్పి అడిగి తెచ్చేది. ముందు పొడి చీపురుతో ఊడ్చి, పిప్పి పూసి, పైన తడి గోనె పరిచేది. అది నానేదాకా మేమిద్దరం కింద కూర్చుని జావ తాగేవాళ్లం.

"ఏంది పిన్నీ, ఇసుకేసి తోమితే అయిపోదా?" అన్నాను ఒకసారి.

"ఏందే నీ ఏంది," అని వెక్కిరించింది. "తోమితే అరిగేది అద్దమే. నాననీ. మొండిదాన్ని కూకోబెట్టి మెత్తబెట్టాల, నిన్ను కూకోబెట్టినట్టు."

మగడు పోయాక నేను నవ్వింది ఆ పూటే.

నెల నిండే రోజు పిన్ని పిప్పి కోసం కాలనీకి పోయింది. కాంట్రాక్టరు వచ్చేలోగా కప్పు మెరిపించి చూపించాలని నాకు తొందర. మా ఊళ్లో గిన్నెలు తోమినట్టే ఇసుక పెట్టి రుద్దాను. ఎరుపు పోయింది. నీళ్లు పోసి చూస్తే నడిమి అద్దం నిండా గీతలు, మసక.

ఎవరు చేశారని కాంట్రాక్టరు అడిగాడు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. అప్పుడే వెనక నుంచి వచ్చిన పిన్ని నా చేతులకు అంటిన ఇసుక చూసింది. బకెట్ కింద పెట్టి, "నేనే బాబూ, పొద్దున్న తోమినాను. కళ్లు ఆనట్లేదు," అంది.

కళ్లు ఆనని మనిషికి కప్పు పని ఎందుకని ఆ వారమే ఆమెను మానిపించాడు. నా పని నిలబడింది.

ఆమె తన ఊరికి పోయే రోజు స్టేషన్‌లో నేను ఏడుస్తుంటే, "ముందు పొడి చీపురు. మరిచిపోకే," అని రైలెక్కింది. రెండేళ్లకు పోయిందని కబురొచ్చింది. నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

పోయిన వారం కొత్త సూపర్‌వైజరు ఆ అద్దం చూసి, ఎవరో ముసలావిడ పాడుచేసిందట కదా అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మాట విని ఊరుకున్నదాన్ని. ఈసారి చీపురు కింద పెట్టాను.

"ఆమె కాదు సాబ్. నేను."

అతను సరేనని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. నేను చీపురు మళ్లీ చేతికి తీసుకున్నాను.

ఆ గీతల్లోకి ఎర్ర దుమ్ము అన్నిటికంటే ముందు చేరుతుంది. అందుకే మొదట ఆ అద్దానికే పిప్పి పూస్తాను. గోనె కప్పి కింద కూర్చుంటాను. ఎంత నాననిచ్చినా గీతలు పోవు. అయినా తోమను.